పోలింగు జరగని ఎన్నిక: సింగపూర్ తొలి మహిళా అధ్యక్షురాలు

(ముస్లిం మహిళల రాజకీయ ప్రాతినిధ్యంపై ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముస్లిం మహిళల ప్రాతినిధ్యం గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు కోరినప్పుడు, ఇలాంటి సభల్లో తరచుగా వినిపించే పేర్ల జోలికి పోకుండా, హైదరాబాదు నుంచి నాలుగైదు గంటల విమాన ప్రయాణ దూరంలో ఉన్న ఒక చిన్న దేశపు ఉదంతాన్ని మీ ముందుంచాలని మేము నిశ్చయించుకున్నాము. ఆ దేశం సింగపూర్. 2017 సెప్టెంబర్ 13న అక్కడ అధ్యక్ష పదవికి నామినేషన్ల గడువు ముగిసే సమయానికి బరిలో ఒకే ఒక్క అభ్యర్థి మిగిలారు. పోలింగు జరగవలసింది అదే నెల 23న. ఆ అవసరం లేకుండానే రిటర్నింగ్ అధికారి ఆమె ఎన్నికైనట్లు ప్రకటించారు. మరునాడు ఆమె ప్రమాణ స్వీకారం చేశారు. తలపై స్కార్ఫు ధరించిన ఒక ముస్లిం మహిళ, చైనీయులు అత్యధిక సంఖ్యాకులుగా ఉన్న దేశానికి అధినేత అయ్యారు. ఆమె పేరు హలీమా యాకూబ్. సింగపూర్‌కు ఆమె ఎనిమిదవ అధ్యక్షురాలు, మహిళల్లో మొదటివారు.

ఈ వార్త వెలువడిన రోజున మనలో చాలామంది ఆనందించారు. ఆ ఆనందం న్యాయమైనదే. అయితే ఆ రోజే సింగపూర్‌లో అనేకమంది, వారిలో మలయ్ ముస్లింలు కూడా, ఈ ఎన్నిక పట్ల అసంతృప్తి వ్యక్తం చేశారు. ఆ అసంతృప్తి ఎందుకు కలిగింది, అది ఎవరికి తగిలింది అన్న సంగతిని కాస్త నిదానంగా పరిశీలించవలసి ఉంది. చట్టసభల్లో చోటు కోసం అర్జీలు పెట్టుకుంటున్న మనకు ఆ పరిశీలన ఉపయోగపడుతుందని మా విశ్వాసం.

ముందుగా ఆ మహిళను పరిచయం చేయడం మర్యాద. హలీమా 1954 ఆగస్టు 23న సింగపూర్‌లో జన్మించారు. తండ్రి భారతీయ ముస్లిం, వాచ్‌మన్‌గా పనిచేసేవారు. తల్లి మలయ్ స్త్రీ. ఐదుగురు సంతానంలో హలీమా కడగొట్టు బిడ్డ. ఆమెకు ఎనిమిదేళ్ళ వయసులో తండ్రి మరణించారు. తల్లి తోపుడుబండి మీద నాసి పదాంగ్ అనే అన్నం, కూరల భోజనం అమ్మి పిల్లలను పోషించారు. బడికి ముందూ వెనకా ఆ బండి దగ్గర పళ్ళేలు కడగడం, బల్లలు తుడవడం, వచ్చినవారికి వడ్డించడం చిన్నారి హలీమా పని. ఈ పని వల్ల బడికి నాగాలు పెరిగి, ఇంకొక్క రోజు మానితే పేరు కొట్టివేస్తామని ప్రధానోపాధ్యాయురాలు హెచ్చరించే దాకా వచ్చింది. ఆ హెచ్చరికతో ఆమె చదువు మీద పట్టుదల పెంచుకున్నారు. బండి మీద పండ్లో, మిర్చి బజ్జీలో అమ్మి బిడ్డలను చదివించే తల్లులు మన బస్తీల్లో ఎందరో ఉన్నారు. వారికి ఈ కథలో కొత్త ఏమీ కనిపించదు, చివరి అధ్యాయం తప్ప.

ఆమె న్యాయశాస్త్రం చదివారు. 1978లో పట్టా పుచ్చుకుని సింగపూర్ జాతీయ కార్మిక సంఘాల సమాఖ్యలో న్యాయ విభాగ ఉద్యోగిగా చేరారు. 1981లో న్యాయవాదిగా నమోదయ్యారు. ఆ కార్మిక సమాఖ్యలో ఆమె మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి ఉప ప్రధాన కార్యదర్శి స్థాయికి ఎదిగారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ పాలక మండలిలో కూడా స్థానం పొందారు. 2001లో పార్లమెంటు సభ్యురాలయ్యారు, 2011లో సహాయ మంత్రి, 2013 జనవరిలో స్పీకర్. స్పీకర్ పదవిలోనూ ఆమె తొలి మహిళే. 2015 సాధారణ ఎన్నికల పోలింగు రోజునే ఆమె తల్లి మరణించారు. బండి తోసిన ఆ తల్లి, కూతురు దేశాధినేత కావడం చూడలేదు.

అధ్యక్షురాలైన తర్వాత కూడా ఆమె తమ పాత నివాసమైన యీషున్‌లోని ప్రభుత్వ గృహ సముదాయంలోనే ఉంటానన్నారు. జనాభాలో అత్యధికులు అలాంటి ఫ్లాట్లలోనే ఉండే దేశం అది. కొద్ది వారాల తర్వాత భద్రతాధికారుల సలహా మేరకు అక్కడి నుంచి మారవలసి వచ్చింది.

ఇంతటి అర్హత, ఇంతటి అనుభవం ఉన్న వ్యక్తి ఎన్నిక వివాదాస్పదం ఎందుకయింది? దీనికి ఆ పదవి సంగతి కొంత తెలియాలి.

సింగపూర్‌లో కార్యనిర్వాహక అధికారం ప్రధానమంత్రిది. అధ్యక్ష పదవి చాలావరకు గౌరవప్రదమైనది. అయితే 1991 నాటి రాజ్యాంగ సవరణతో దానికి రెండు ముఖ్యమైన అధికారాలు లభించాయి. గత ప్రభుత్వాలు కూడబెట్టిన నిల్వలను ఖర్చు చేయాలన్నా, కీలకమైన ప్రభుత్వ పదవుల్లో నియామకాలు చేయాలన్నా అధ్యక్షుని సమ్మతి అవసరం. ఖజానాకు రెండవ తాళంచెవి అని అక్కడివారు దీన్ని వర్ణిస్తారు. కొవిడ్ వచ్చిన 2020లో పూర్వ నిల్వల నుంచి 5,200 కోట్ల సింగపూర్ డాలర్ల వరకు తీయడానికి సూత్రప్రాయంగా అనుమతించింది హలీమాయే. తాళంచెవి చేతిలో ఉన్నవారిని ప్రజలే ఎన్నుకోవాలని 1993 నుంచి ప్రత్యక్ష ఎన్నిక ప్రవేశపెట్టారు.

సింగపూర్ తొలి అధ్యక్షుడు యూసుఫ్ బిన్ ఇస్‌హాక్ మలయ్ ముస్లిం. ఇప్పటికీ ఆ దేశపు కరెన్సీ నోట్ల మీద ఉన్నది ఆయన చిత్రమే. 1970లో ఆయన పదవిలో ఉండగా మరణించిన తర్వాత నలభై ఏడేళ్ళపాటు మలయ్ వర్గానికి చెందినవారెవరూ ఆ పీఠం ఎక్కలేదు. మలయ్‌లు ఆ దేశపు మూలవాసులని, వారి ప్రత్యేక స్థానాన్ని గుర్తించి ప్రయోజనాలను కాపాడటం ప్రభుత్వ బాధ్యతని సింగపూర్ రాజ్యాంగం 152వ అధికరణమే చెబుతోంది. జనాభాలో వారు సుమారు 13 శాతం, చైనీయులు సుమారు 74 శాతం. ప్రత్యక్ష ఎన్నిక వచ్చిన తర్వాత అల్పసంఖ్యాక వర్గపు అభ్యర్థికి అవకాశం మరింత తగ్గుతుందన్న భయం నిరాధారమైనదేమీ కాదు. 2016 నవంబరులో రాజ్యాంగాన్ని సవరించి, వరుసగా ఐదు పదవీకాలాలు ఏ వర్గం నుంచీ అధ్యక్షుడు రాకపోతే తదుపరి ఎన్నికను ఆ వర్గానికే రిజర్వు చేయాలని నిర్ణయించారు.

సూత్రంగా చూస్తే ఇందులో మనం అభ్యంతరం చెప్పవలసినదేమీ లేదు. రిజర్వేషన్ అనే భావననే వ్యతిరేకించేవారి పక్షాన నిలబడే ఉద్దేశం మాకు లేదు. చిక్కంతా అమలులో వచ్చింది. ఐదు పదవీకాలాలను ఎక్కడ నుంచి లెక్కించాలి? ప్రజలు ఓటు వేసి ఎన్నుకున్న మొదటి అధ్యక్షుడు 1993లో వచ్చారు. ప్రభుత్వం మాత్రం అంతకు ముందున్న వారి నుంచి, అంటే కొత్త అధికారాలు 1991లో చేతికి వచ్చిన అధ్యక్షుని నుంచి లెక్కించింది. అలా లెక్కిస్తేనే 2017 ఎన్నిక రిజర్వు అవుతుంది. 2011 ఎన్నికలో ఏడు వేల పైచిలుకు ఓట్ల స్వల్ప తేడాతో ఓడి, మరోసారి పోటీకి సిద్ధమవుతున్న ఒక చైనీయ నాయకునికి దీనితో దారి మూసుకుపోయింది. ఆయన కోర్టుకు వెళ్ళారు, ఓడిపోయారు. ఆయనను ఆపడానికే ఇదంతా జరిగిందని జనంలో అనుమానం పాతుకుపోయింది. నామినేషన్లకు ఏడు నెలల ముందే ఒక మంత్రి పార్లమెంటులో స్పీకర్ స్థానంలో ఉన్న హలీమాను పొరపాటున ‘మేడమ్ ప్రెసిడెంట్’ అని సంబోధించడం, అదీ రెండుసార్లు, సభ నవ్వులతో నిండడం ఆ అనుమానానికి మరింత బలం చేకూర్చింది.

రెండవ చిక్కు మరింత సున్నితమైనది. మలయ్ అంటే ఎవరు? సింగపూర్‌లో గుర్తింపు కార్డు మీద జాతిని సాధారణంగా తండ్రిని బట్టి రాస్తారు. హలీమా తండ్రి భారతీయుడు. పోటీకి ముందుకు వచ్చిన మిగిలిన ఇద్దరు ముస్లిం వ్యాపారవేత్తల్లో ఒకరు పాకిస్తానీ మూలాలు ఉన్నవారు, మరొకరి తండ్రి భారతదేశంలో పుట్టినవారు. చట్టం ఇచ్చిన నిర్వచనం మాత్రం విశాలమైనది: మలయ్ జాతివాడైనా కాకున్నా, తనను మలయ్ సముదాయ సభ్యునిగా భావించుకుని, ఆ సముదాయం చేత కూడా అలాగే అంగీకారం పొందిన వ్యక్తి మలయ్. దీన్ని నిర్ధారించడానికి ఒక సంఘం ఏర్పాటైంది. ముగ్గురికీ ధ్రువపత్రాలు ఇచ్చింది. అయినా వీధుల్లోనూ ఫోన్ల తెరల మీదా ‘ఈమె అసలు మలయేనా’ అన్న వ్యంగ్యాలు ఆగలేదు.

ఈ ప్రశ్న విన్నప్పుడు మాకు మన దూదేకుల సోదరులు గుర్తుకు వచ్చారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతారని, పేర్లు కొన్ని తెలుగులో ఉంటాయని, ‘మీరు అసలు ముస్లింలేనా’ అని వారిని అడిగిన మాటలు బయటివారివి మాత్రమే కావు, మనవారివీ ఉన్నాయి. తహసీల్దారు కార్యాలయంలో బీసీ-బి కింద, బీసీ-ఇ కింద ధ్రువపత్రాల కోసం వరుసలో నిలబడినవారికి ఈ బాధ తెలుసు. 2007 చట్టం విద్యా, ఉద్యోగాల్లో ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్ 2010లో హైకోర్టులో కొట్టివేతకు గురై, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడిన సంగతి కూడా మీకు తెలిసినదే. మనకు వచ్చే ప్రతి అవకాశం దగ్గరా ఎవరో ఒకరు మన వంశవృక్షం అడుగుతారు. అలాంటప్పుడు సింగపూర్ చట్టంలోని ‘సముదాయం అంగీకరించిన వ్యక్తి’ అన్న మాట మాకు నచ్చింది. రక్తాన్ని కాక, కలిసి బతకడాన్ని అది ప్రమాణంగా తీసుకుంది.

ఇక మూడవ చిక్కు. మా దృష్టిలో అసలైనది ఇదే. ప్రైవేటు రంగం నుంచి వచ్చే అభ్యర్థి నడిపిన కంపెనీ వాటాదారుల మూలధనం సగటున 50 కోట్ల సింగపూర్ డాలర్లు ఉండాలని అదే 2016 సవరణ నిర్దేశించింది. మలయ్ ధ్రువపత్రం పొందిన ఆ ఇద్దరు వ్యాపారవేత్తల కంపెనీలు ఆ స్థాయిని అందుకోలేదు. ఒకరిది అందులో సగం దరిదాపుల్లోనే ఉంది. ఇద్దరికీ అర్హత పత్రం నిరాకరించారు. మూడేళ్ళకు పైగా స్పీకర్‌గా పనిచేసిన హలీమాకు మాత్రం చట్టం ప్రకారం నేరుగా అర్హత ఉంది. ఆ విధంగా ఒక్కరే మిగిలారు.

జాగ్రత్తగా గమనించండి. ఒక సముదాయం వెనుకబడి ఉందని, అందుచేత దానికి పదవిని కేటాయించాలని ఒక చేత్తో రాశారు. రెండవ చేత్తో అదే కాగితం మీద, ఆ సముదాయంలో వేళ్ళ మీద లెక్కించదగినవారు కూడా అందుకోలేని ఆస్తి కొలతను రాశారు. నిల్వలను కాపాడే వ్యక్తికి పెద్ద సంస్థలు నడిపిన అనుభవం కావాలన్న వాదనలో కొంత సబబు లేకపోలేదు. కాని రిజర్వు చేసిన ఎన్నికలో కూడా ఆ కొలతను సడలించకపోవడం వల్ల మలయ్‌లకు పీఠం దక్కింది, ఎంచుకునే హక్కు దక్కలేదు. ముగ్గురు ముస్లింలు దేశమంతా తిరిగి, చైనీయులను, భారతీయులను, మలయ్‌లను ఓట్లు అడిగే దృశ్యాన్ని ఊహించండి. అది సింగపూర్‌కు ఎంత మేలు చేసి ఉండేదో! ఆ పోటీలో కూడా హలీమాయే గెలిచి ఉండేవారని మా అభిప్రాయం. ఆమెకున్న ప్రజాదరణ తక్కువదేమీ కాదు. కాని లెక్కించడానికి ఓట్లే లేవు.

ఏకగ్రీవం అనే మాట మన పల్లెలకు కొత్త కాదు. పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఏకగ్రీవమైన గ్రామాలకు ప్రోత్సాహకాలు ప్రకటిస్తారు. కొన్నిచోట్ల అందరూ నిజంగానే కూర్చుని ఒక మంచి మనిషిని ఎంచుకుంటారు. మరికొన్నిచోట్ల రాత్రికి రాత్రి సర్పంచ్ పదవికి వేలం జరుగుతుంది. బయటికి రెండూ ఏకగ్రీవాలే. మన దేశంలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయినవారు ఒక్కరే, ఆయన అనంతపురం జిల్లా బిడ్డ నీలం సంజీవరెడ్డి. 1977లో 37 నామినేషన్లు దాఖలుకాగా 36 తిరస్కరణకు గురయ్యాయి. అయినా ఆయన మా రాష్ట్రపతి కాదని ఎవరూ అనలేదు, ఎందుకంటే పక్షాలన్నీ ముందే ఆయన పేరు మీద ఒప్పుకున్నాయి. సింగపూర్‌లో లోపించింది ఆ ఒప్పుదల.

దాని ఫలితం ఎవరు అనుభవించారు? నిబంధనలు రాసినవారు కారు. ‘ఈమె నా అధ్యక్షురాలు కాదు’ అన్న నినాదం ఆమె పేరు మీదే వెలువడింది. ప్రమాణ స్వీకారమైన రెండు రోజులకు హాంగ్ లిమ్ పార్కులో వందల మంది మౌన నిరసన తెలిపారు. ఆ దేశంలో అలాంటి నిరసనలు అరుదు. ఈ నిర్ణయానికి రాజకీయ మూల్యం చెల్లించవలసి వస్తుందని తెలిసే ముందుకు సాగామని ప్రధానమంత్రి చెప్పారు. ఆ మూల్యంలో పెద్ద వాటా మాత్రం ఒక ముస్లిం మహిళ గౌరవం నుంచి వసూలైంది. మూడు దశాబ్దాలకు పైబడిన కార్మిక సేవను, స్పీకర్‌గా ఆమె హుందాతనాన్ని పక్కన పెట్టి, దానంగా వచ్చిన పదవి అని హేళన చేశారు. ఆమె ఓపికగానే జవాబిచ్చారు. ఎన్నిక రిజర్వు కావచ్చు గాని తాను రిజర్వుడు అధ్యక్షురాలిని కానని, తాను అందరి అధ్యక్షురాలినని అన్నారు. ఆరేళ్ళపాటు ఆ మాటను నిలబెట్టుకున్నారు కూడా.

ఇప్పుడు ఈ సభలోని యువతులను ఉద్దేశించి ఒక సంగతి మనవి చేస్తాము. హలీమా స్కార్ఫు ధరించి అధ్యక్ష భవనంలో విదేశీ నాయకులకు స్వాగతం చెబుతున్న కాలంలోనే, అదే నగరంలోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముస్లిం నర్సులు విధులకు వచ్చేముందు స్కార్ఫు తీసివేయవలసి ఉండేది. అక్కడ దాన్ని తుడుంగ్ అంటారు. యూనిఫారం నిబంధన అడ్డం. ప్రభుత్వ పాఠశాలల్లోనూ అంతే. 2002లో కొందరు తల్లిదండ్రులు ఒకటో తరగతి చదివే తమ ఆడపిల్లలను స్కార్ఫుతో బడికి పంపగా ఆ చిన్నారులను బడి నుంచి సస్పెండ్ చేశారు. దేశంలో అత్యున్నత పీఠం మీద ఉన్న స్త్రీకి ఉన్న స్వేచ్ఛ రోగికి సూది వేసే స్త్రీకి లేదు. ఒకటి రెండు నెలలు కాదు, నాలుగేళ్ళకు పైగా ఈ స్థితి కొనసాగింది.

ఆ పదవిలో ఉండి హలీమా విధానాలను మార్చలేరు, మంత్రివర్గాన్ని బహిరంగంగా విమర్శించలేరు. అయినా పూర్తిగా మౌనంగా ఉన్నారనడం అన్యాయం. 2020 ఆగస్టులో ఒక పెద్ద దుకాణంలో తాత్కాలిక అమ్మకందారుగా చేరిన యువతిని స్కార్ఫు తీసేయమన్న సంగతి బయటికి వచ్చినప్పుడు, వివక్షకు చోటు లేదని, మనిషిని ప్రతిభను బట్టి మాత్రమే చూడాలని ఆమె స్పష్టంగా అన్నారు. ఆ దుకాణం తన నియమం మార్చుకుంది. నర్సుల విషయంలో మాత్రం ఏళ్ళ తరబడి సంతకాల సేకరణలు, సముదాయ పెద్దల సంప్రదింపులు, పార్లమెంటులో ప్రశ్నలు జరిగిన తర్వాత, 2021 ఆగస్టులో ప్రధానమంత్రి ప్రకటన చేయగా నవంబర్ 1 నుంచి అనుమతి లభించింది. అధ్యక్షురాలి తల మీద స్కార్ఫు ఉండటం ఈ మార్పుకు ఎంత తోడ్పడిందో తూకం వేయలేము. దేశాధినేతకు తగినదైన వస్త్రం నర్సుకు ఎందుకు తగదు అన్న ప్రశ్నను అది ఎవరూ దాటవేయలేనిదిగా చేసిందని మాత్రం చెప్పగలము. పాఠశాలల్లో నిషేధం అలాగే ఉంది.

ఉడుపి కళాశాల గేటు దగ్గర ఆగిపోయిన బాలికలను, 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు రెండు విధాలుగా ఇచ్చిన తీర్పును చూసిన మనకు ఇందులో వివరించవలసినది ఏముంది? పైన ఒకరు కూర్చున్నంత మాత్రాన కింద గేటు దానంతట తెరుచుకోదు. గేటు దగ్గర అడిగేవారు వేరుగా ఉండాలి.

ముస్లిం మహిళ దేశాధ్యక్షురాలు కావడం సింగపూర్‌తో మొదలు కాలేదన్నది కూడా గుర్తుంచుకుందాం. ఇండోనేషియాలో మేఘావతి 2001లోనే అయ్యారు. కొసొవోలో 2011లో, మన తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన మారిషస్‌లో 2015లో ముస్లిం మహిళలు ఆ పదవి చేపట్టారు. మారిషస్‌లో అధ్యక్షురాలైన అమీనా గురీబ్ ఫకీమ్ శాస్త్రవేత్త. టాంజానియాలో సమియా సులుహు హసన్ 2021లో వచ్చారు. మా మతం స్త్రీని ఇంటికే పరిమితం చేస్తుందని వాదించేవారికి ఈ పేర్లు చాలు, ఇంకా వాదన అక్కరలేదు.

2023లో హలీమా మరోసారి పోటీ చేయబోనని ప్రకటించారు. ఆ సెప్టెంబరులో రిజర్వేషన్ లేని బహిరంగ ఎన్నికలో తమిళ మూలాలున్న ధర్మన్ షణ్ముగరత్నం 70.4 శాతం ఓట్లతో గెలిచారు. అల్పసంఖ్యాక వర్గానికి రిజర్వేషన్ అవసరమే లేదని ఇది రుజువు చేసిందని కొందరు అన్నారు. ఆ తొందర మాకు సమ్మతం కాదు. ధర్మన్ ఉప ప్రధానమంత్రిగా పనిచేసి, అసాధారణమైన ప్రజాదరణ సంపాదించిన నాయకుడు. ఆయన గెలుపు ఆయన వర్గంలోని సామాన్య అభ్యర్థికి దారి తెరిచినట్లు కాదు, మలయ్ స్త్రీకి అసలే కాదు. కాని ఒక సంగతి ఒప్పుకోవాలి. 70.4 అనే ఆ అంకె ఆయన చేతిలో ఉంది. ఆయనను ఎవరూ దానం పుచ్చుకున్నవాడని అనలేరు. హలీమాకు అలాంటి అంకె ఇవ్వకుండా చేశారు.

మన దగ్గర కూడా అలాంటి అంకె సంపాదించినవారు ఉన్నారు. 1967లో హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకీర్ హుసేన్ రాష్ట్రపతి పదవికి పోటీ చేసినప్పుడు ప్రత్యర్థి సామాన్యుడు కాదు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన మన తెలుగువారు కోకా సుబ్బారావు. గట్టి పోటీ జరిగింది. జాకీర్ హుసేన్ 4,71,244 ఓట్ల విలువతో గెలిచారు, సుబ్బారావుకు 3,63,971 వచ్చింది. ఇక మహిళల సంగతికి వస్తే, మాసూమా బేగం 1952లో శాలిబండ నుంచి, 1957లో పత్తర్‌గట్టి నుంచి శాసనసభకు ప్రజల ఓట్లతో ఎన్నికయ్యారు. దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో మంత్రిగా పనిచేశారు. ఆమె పేరు విన్నవారు ఈ సభలో ఎంతమంది ఉన్నారో మేము అడగము. మన ఆడపిల్లల పాఠ్యపుస్తకాల్లో ఆమె లేరు, అందుకు వారి తప్పు లేదు.

ఆ ఆరంభం తర్వాత మనం ఎక్కడ ఉన్నాము? స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి లోక్‌సభకు ఎన్నికైన ముస్లిం మహిళల సంఖ్య అన్ని రాష్ట్రాలూ కలిపి ఇరవైకి చేరలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఒక్కరూ లేరు. 2023 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన మహిళా రిజర్వేషన్ చట్టం చట్టసభల్లో మూడో వంతు స్థానాలను మహిళలకు కేటాయించింది. అందులో ఎస్సీ, ఎస్టీ మహిళలకు ఉపకోటా ఉంది, వెనుకబడిన తరగతుల మహిళలకు, ముస్లిం మహిళలకు లేదు. లోక్‌సభలో 454 మంది అనుకూలంగా ఓటు వేయగా వ్యతిరేకంగా ఓటు వేసింది ఇద్దరే. వారిలో ఒకరు హైదరాబాదు సభ్యుడు, కారణం ఈ ఉపకోటా లేకపోవడమే. ఆ ఓటుతో మీరు ఏకీభవించినా ఏకీభవించకపోయినా, ఆయన లేవనెత్తిన ప్రశ్న మాత్రం తీరలేదు.

ఉపకోటా అడుగుదాం, అడుగుతూనే ఉందాం. కాని అడిగేటప్పుడు సింగపూర్ అనుభవాన్ని దృష్టిలో ఉంచుకుని అడుగుదాం. మాకు ఒక స్థానం ఇవ్వండి అని మాత్రమే అర్జీ రాస్తే, పార్టీ పెద్దలు తమకు నచ్చిన ఇంటి కోడలినో, తమ మాట దాటని మనిషినో తెచ్చి కూర్చోబెట్టి, ఇదిగో మీ ప్రతినిధి అంటారు. ఆ స్థానానికి మనలో నలుగురు పోటీపడగలిగేలా నిబంధనలు ఉండాలని, డిపాజిట్లు, ఖర్చులు, అర్హతలు మన చేతికి అందేలా ఉండాలని కూడా ఆ అర్జీలోనే రాయాలి. హలీమాను చదివించింది తల్లి కష్టమూ, సముదాయం నుంచి అందిన ఉపకార వేతనమూ. మన పిల్లలకు ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇచ్చే మైనారిటీ ప్రీమెట్రిక్ ఉపకార వేతనాన్ని కేంద్రం 2022లో ఆపివేసింది, అదే సంవత్సరం మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కూడా. రేపటి అభ్యర్థుల వరుస అక్కడే తెగిపోతుంది. కాబట్టి ఉపకోటా తీర్మానమూ, ఉపకార వేతనాల తీర్మానమూ వేర్వేరు కాగితాల మీద ఉండకూడదని సభాధ్యక్షులకు మా విజ్ఞప్తి.

చట్టం కోసం ఎదురుచూడనవసరం లేని పని ఒకటి ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవే. వార్డు మహిళకు రిజర్వు కాగానే మన బస్తీ పెద్దలు, భర్త ఎవరో చూసి భార్య పేరు రాసే అలవాటు మానాలి. కార్యకర్తల సమావేశంలో ఇద్దరు ముగ్గురు సోదరీమణుల పేర్లు ముందుకు రానివ్వండి. వారు నిలబడి మాట్లాడనివ్వండి, వారిలో వారే పోటీ పడనివ్వండి. మసీదు కమిటీ ఏకగ్రీవం చేసిన పేరు కన్నా, ఆ విధంగా ఎంపికైన పేరును వార్డులోని ఇతర మతస్తులు కూడా తేలికగా ఒప్పుకుంటారు. ఇది మా ఊహ కాదు, ఓట్లు అడగడానికి ఇంటింటికీ తిరిగిన మహిళలు మాతో చెప్పిన మాట.

సమయం మించిపోయింది. ప్రశ్నలకు పావు గంట ఇచ్చారు. మొదటి ప్రశ్నలు పరదా వెనుక కూర్చున్న సోదరీమణుల వైపు నుంచి రావాలని, అంతవరకు ముందు వరుసలోని సోదరులు ఓపిక పట్టాలని కోరుతున్నాము. మైకు అటు పంపండి.